ఫోనుకు ఇవతల

ఆ ఫోను చేసింది నేనే. ఈ ఒక్క ముక్క ముందు చెప్పకపోతే మిగతాది నా నోట రాదు.

2023 మార్చి నెల. మా పుదూరు చుట్టూ కరిసల్ కాడు, అంటే వానను నమ్ముకున్న నల్లరేగడి. ఆ నేలలో మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజులు. నాకో చిన్న లోడు బండి ఉంది. ఈ వైపు దాన్ని కుట్టియానై అంటారు, ఏనుగు గున్న అని. మిరప గోతాలు ఎక్కించి అరుప్పుకోట్టై మీదుగా విరుదునగర్‌కు తోలుతాము. అప్పుడప్పుడు సరుకు కోవిల్‌పట్టి వైపూ పోతుంది. ఆ పొద్దున మండీలో ధర పడేలా ఉందని ఎవరో చెప్పారు. సరుకు దించాలా, కోల్డ్ స్టోరేజీలో వేయాలా అని నా మనసు ఊగిసలాడింది. డ్రైవరుకు ఫోను చేశాను. తీయలేదు. మళ్లీ చేశాను. తీయలేదు. దారిలో ఉన్నాడని, బండి నడుపుతున్నాడని నాకు తెలుసు. తెలిసే మూడోసారి చేశాను.

మూడోసారి చాలాసేపు మోగి మోగి, ఇక కట్టవుతుందనగా తీశాడు. "బండి ఓరంగా ఆపినాను మొదలాళీ, చెప్పండి" అన్నాడు. మొదలాళి అంటే ఇక్కడ యజమాని. ఆ బండి ఇంజను చప్పుడు నాకు బాగా తెలుసు. అది ఆన్‌లో ఉంటే పక్కన కూర్చున్న మనిషి మాట కూడా సగమే వినపడుతుంది. ఆ రోజు ఫోనులో ఆ చప్పుడు లేదు. కాకులు అరుస్తున్నాయి. దూరంగా ఏదో బస్సు హారను వేసుకుంటూ పోయింది. రెండు నిమిషాలు ధర గురించి మాట్లాడుకున్నాము. మధ్యలో "ఉండండి, పోలీసు సార్ వస్తా ఉండారు" అని పెట్టేశాడు.

బండి నడుపుతూ ఫోను మాట్లాడాడని కేసు రాశారు. ఆయన కాదన్నాడు. కోర్టులో చెప్పుకుంటాను సార్ అన్నాడు. ఈ మాట నాకు ఆ సాయంత్రం గాని తెలియలేదు. బండి నా పేరు మీద ఉంది గనుక చలాను మెసేజి మాత్రం నా ఫోనుకే వచ్చింది, వెయ్యి రూపాయలని. మా కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాను. లింకు నొక్కి, అంకెలు వేసి, కట్టి పారేశాను. నిమిషం కూడా పట్టలేదు. నాకు అప్పుడున్న బెంగ అంతా దారిలో నిలిచిపోయిన సరుకు మీదే. లైసెన్సు పోలీసులు తీసుకున్నారు కాబట్టి ఆయన బండి తోలడానికి లేదు. ఇంకో డ్రైవరును పంపి విరుదునగర్ చేర్పించాను.

సాయంత్రం ఆయన బస్సు దిగి తిన్నగా కొట్టుకే వచ్చాడు. కట్టేశానని చెబితే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేను ఆపి మాట్లాడినాను గదా. మీకు తెలుసు గదా. ఎందుకు కట్టినారు?" అన్నాడు.

ఆ మూడు వాక్యాలు ఇప్పటికీ నన్ను వదల్లేదు. వాటిలో రెండోది మరీ.

నాకు తెలుసు. ఆ కేసులో ఆయన తరఫున నిజం తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు లేడు. ఆయన ఫోనులో నా నంబరు, నా ఫోనులో ఆయన నంబరు, నిమిషాలతో సహా ఉన్నాయి. ఆయనకు ఒకే ఒక సాక్షి ఉన్నాడు. ఆ సాక్షి ఆయనను అడగకుండానే ఆయన తప్పును ఒప్పేసుకున్నాడు.

అప్పుడు నేనేం జవాబు చెప్పానో రాయడానికి చెయ్యి ఆడటం లేదు, అయినా రాయాలి. "పోలీసులతో వాదం ఎందుకప్పా? సాత్తాన్‌కుళం మరిచిపోయినావా?" అన్నాను.

తెలుగు జిల్లాల్లో ఉన్నవాళ్లకు ఆ పేరు అంతగా గుర్తుండకపోవచ్చు. సాత్తాన్‌కుళం మా తూత్తుకుడి జిల్లాలోదే. 2020 జూన్ 19న, లాక్‌డౌన్ వేళ దాటాక సెల్‌ఫోన్ కొట్టు తెరిచి ఉంచారన్న మాట మీద జయరాజ్ అనే ఆయనను పోలీసు స్టేషనుకు తీసుకుపోయారు, ఆయన వెనకే పోయిన కొడుకు బెన్నిక్స్‌నూ పట్టుకున్నారు. స్టేషనులో కొట్టారు. ఆ తర్వాత రిమాండు చేసి కోవిల్‌పట్టి సబ్‌జైలుకు పంపారు. జూన్ 22 రాత్రి కొడుకు, 23 తెల్లవారుజామున తండ్రి చనిపోయారు. మదురైలోని హైకోర్టు బెంచి తనంతట తానే కేసు చేపట్టింది. సీబీఐ పోలీసుల మీద హత్య కేసు పెట్టింది. జైలుకు పోవలసినంత నేరం కాదది, కొట్టు మూసే వేళ గురించిన చిన్న మాట. దానికి రెండు ప్రాణాలు పోయాయి. కోవిల్‌పట్టి సబ్‌జైలు ముందు నుంచి నేను ఎన్నిసార్లు పోయి ఉంటానో. ఆ జూన్ తర్వాత ఆ గోడ వైపు చూడకుండా పోలేకపోయాను. నిజంగా ఏడ్చాను కూడా.

అలా ఏడ్చినవాణ్నే, మూడేళ్లు తిరగకముందే ఆ చావులను నా సౌకర్యానికి వాడుకున్నాను. ఆయన భయపడలేదు, కోర్టుకు పోతానన్నాడు. భయం నేనే తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. నా భయం కూడా నిజమైనది కాదు. నాకు కోర్టు చుట్టూ తిరిగే ఓపిక లేదు, మిరప సీజను పోతుందన్న ఆత్రం ఉంది, అంతే. దానికి సాత్తాన్‌కుళం అని పేరు పెట్టి పెద్దమనిషిలా మాట్లాడాను.

సాత్తాన్‌కుళం కేసులో ఇంకో మనిషి ఉంది. రేవతి అనే హెడ్ కానిస్టేబుల్, ఆ స్టేషనులోనే పని చేసేది. ఆ రాత్రి తాను చూసింది విచారణకు వచ్చిన మేజిస్ట్రేటు ముందు చెప్పింది. ఆమెకు, ఆమె ఇంటికి రక్షణ ఇవ్వాలని హైకోర్టు చెప్పవలసి వచ్చింది. తోటివాళ్ల మీద, పై అధికారుల మీద, ఉద్యోగం పోతుందనీ ప్రాణం పోతుందనీ తెలిసి, చూసింది చూసినట్టు చెప్పింది. ఆమె గురించి చదివినప్పుడు నలుగురిలో కూర్చుని మెచ్చుకున్నాను. నేను చెప్పవలసినది దానితో పోలిస్తే ఎంత? ఫోనులో ఇంజను చప్పుడు లేదు, అన్న ఒక్క మాట. పోయేది ఎంత? ఒక పూట, ఒక లోడు మిరప.

కట్టి పారేస్తే పోతుందని మా వైపు అందరూ అంటారు. నేనూ అలానే నమ్మాను. అది నిజం కాదని తర్వాత వేరే పని మీద ఒక వకీలు దగ్గరకు పోయినప్పుడు తెలిసింది. ఆయన ఓపిగ్గా చెప్పాడు. మోటారు వాహనాల చట్టం 1988 నాటిది, దాన్ని 2019లో బాగా మార్చారు, ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి ఎక్కువ భాగం అమల్లోకి వచ్చింది. చేతిలో ఫోను పట్టుకుని బండి నడపడం ఇప్పుడు 184వ సెక్షను ప్రకారం ప్రమాదకరంగా నడపడం కిందికి వస్తుంది. మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు, లేదా రెండూ. కోర్టుకు పోకుండా డబ్బు కట్టి రాజీ చేసుకోవడానికి 200వ సెక్షను వీలిస్తుంది. మేము కట్టి పారేయడం అనేది దాన్నే. అయితే అదే సెక్షనుకు 2019లో కొన్ని షరతులు చేర్చారు. రాజీ చేసుకున్నా సరే, రేపు ఇంకోసారి అదే కేసు పడితే ఇది మొదటి తప్పుగా లెక్కలోకి వస్తుంది. రాజీ చేసుకున్నా సరే, పోలీసులు తీసుకున్న లైసెన్సు మీద జరిగే చర్య ఆగదు.

ఆ చర్య ఏమిటో కూడా చెప్పాడు. 206వ సెక్షను ప్రకారం లైసెన్సును లైసెన్సు ఇచ్చే అధికారికి పంపుతారు. పోలీసులు చేతికిచ్చే రసీదు పెట్టుకుని బండి నడపడానికి లేదు. ఆ అధికారి 19వ సెక్షను కింద లైసెన్సు ఉన్న మనిషిని పిలిచి, ఆయన చెప్పుకునేది వినాలి. వినకుండా చేయడానికి లేదు. విన్న తర్వాత తప్పు లేదనిపిస్తే వదిలేయవచ్చు. ఉందనిపిస్తే కారణాలు రాసి, మొదటిసారి మూడు నెలలు లైసెన్సు ఆపాలి. రెండోసారి అయితే లైసెన్సే రద్దు. ఆ ఉత్తర్వు నచ్చకపోతే ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

వినే రోజు ఒకటి ఉంటుందని వకీలు చెప్పాడు గదా. నేను ఆయన దగ్గరకు పోవడానికి చాలా ముందే ఆ రోజు వచ్చింది. కాగితం వచ్చింది, డ్రైవరు కొట్టుకు తెచ్చి చూపించాడు. "మీరు వచ్చి ఒక మాట చెప్పండి మొదలాళీ, చాలు" అన్నాడు. ఆ వారం సరుకు వరసగా ఉందన్నాను. నువ్వు పోయి చెప్పు, వింటారులే అన్నాను. ఆయన ఒక్కడే పోయాడు. చెప్పుకున్నాడు. ఫైను కట్టేశారు గదా, తప్పు లేకపోతే ఎందుకు కట్టారని అడిగారట. ఆయన దగ్గర దానికి జవాబు లేదు. జవాబు నా దగ్గర ఉంది, నేను పుదూరులో గోతాలు తూకం వేయిస్తూ కూర్చున్నాను. మూడు నెలలు లైసెన్సు ఆపారు.

నేను ఎప్పుడూ ఇలాగే ఉండే మనిషినైతే ఇంత బాధ ఉండదు. 2021లో నాకూ ఒక చలాను వచ్చింది. హెల్మెట్ లేకుండా మదురైలో పోయానని. ఆ రోజు నా బైకు ఇంటి ముందు ఉంది. ఎవరి నంబరో రాయబోయి నా నంబరు కొట్టినట్టున్నారు. అప్పట్లో మా రాష్ట్రంలో హెల్మెట్ జరిమానా వంద రూపాయలే, 2022 అక్టోబరులో గాని వెయ్యి కాలేదు. ఆ వంద కోసం నేను ఊరంతా చెప్పుకున్నాను. వకీలును పెట్టుకున్నాను. ఆయన ఫీజు, బస్సు చార్జీలు కలిపి పదిహేను రెట్లు ఖర్చయింది. చేయని తప్పు ఒప్పుకోవడమేమిటి అని రొమ్ము విరుచుకుని తిరిగాను. ఆ చలాను కొట్టివేయించేదాకా నిద్రపోలేదు.

నా మీద పడిన అబద్ధం వంద రూపాయలదైనా నాకు అవమానం. ఆయన మీద పడినది మూడు నెలల కూలి అయినా నాకు చిల్లర విషయం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి నాకు ఏడాది పైన పట్టింది.

ఇంకో మాట దాచకూడదు. మాది కమ్మవారి ఇల్లు. ఆయన అరుంధతియార్. ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే. మా తాతలూ వాళ్ల తాతలూ ఎప్పుడో ఉత్తరాన్నుంచి ఈ నేలకు వచ్చినవాళ్లే. కోవిల్‌పట్టి, విళాత్తికుళం, విరుదునగర్ చుట్టూ ఊరూరా ఇలా రెండు తెలుగులు వినపడతాయి, రెండు వేర్వేరు వీధుల్లో. వాళ్ల నాన్న మా నాన్నను సామీ అని పిలిచేవాడు. ఈయన మొదలాళి అంటాడు. పిలుపు మారిందని నేను లోలోపల గర్వపడేవాణ్ని, కాలం మారింది, మా ఇంట్లో ఆ పట్టింపులు లేవు అని. పిలుపు మారినా, ఆయన తరఫున ఆయనను అడగకుండా నేను మాట్లాడే అలవాటు మారలేదు. మా నాన్న పంచాయతీలో వాళ్ల నాన్న తరఫున "వీడు చేసినాడులే, క్షమించండి" అని ఉంటే అది దయ అనుకునేవాళ్లు. నేను ఫోనులో నొక్కి అదే చేశాను. మనసులో నేను ఆయనను ఎప్పుడూ "వాడు" అనే అనుకునేవాణ్ని. ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు కూడా మొదట ఆ మాటే పడింది. కొట్టేసి రాశాను.

వకీలు చివర్లో ఒక ప్రశ్న అడిగాడు. "ఆ డ్రైవరు ఎస్సీనా?" అవునన్నాను. "అయితే వకీలుకు ఆయన రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు, అన్నా." 1987లో న్యాయసేవల చట్టం వచ్చింది, 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. దాని 12వ సెక్షను ప్రకారం ఎస్సీలకు, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు, వికలాంగులకు, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయం ఎంతైనా సరే ఉచితంగా వకీలును ఇవ్వాలి. మిగతావాళ్లకే ఆదాయం లెక్క. తాలూకా కోర్టుల్లో దానికి కమిటీ ఉంటుంది, 15100 అని దేశమంతటికీ ఒక ఫోను నంబరు ఉంది. ఒక తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే చాలు. చలాను కట్టకుండా ఉంచి ఉంటే కేసు కోర్టుకు పోయేది, ఆ వకీలు ఆయన పక్కన నిలబడేవాడు, నన్ను సాక్షిగా పిలిపించేవాడు. బండి నడుపుతూ మాట్లాడాడా, ఆపి మాట్లాడాడా అన్నదే అక్కడ తేలవలసిన సంగతి. చట్టంలో ఉన్న మాటా "నడుపుతుండగా" అనే.

తేలేది అని నేను అనటం లేదు. పోలీసు మాట ఒకటి, మా మాట ఒకటి. ఓడిపోయినా పోయేవాళ్లం. ఆ చట్టం తప్పనీ అనను. తమిళనాడు రోడ్ల మీద ప్రమాదాలు దేశంలోనే ఎక్కువగా జరిగే చోట్లలో ఒకటని ఏటా లెక్కలు చెబుతున్నాయి. మదురై నుంచి కోవిల్‌పట్టి మీదుగా తిరునెల్వేలి పోయే పెద్ద రోడ్డు మీద ఫోను పట్టుకుని లారీలు నడిపేవాళ్లను నేనే చూశాను, తిట్టుకున్నాను. ఆ నియమాన్ని ఆయన పాటించాడు. రెండుసార్లు మోగినా తీయలేదు. మూడోసారి బండి ఆపాకే తీశాడు. ఆ నియమాన్ని తప్పించడానికి చూసింది, మూడుసార్లు మోగించింది, నేను.

కోర్టు బోర్డు పక్కన ఉచిత న్యాయసహాయం అని రాసి ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. మా భూమి కాగితాల కోసం పోయినప్పుడల్లా దాని కిందే చెప్పులు విడిచేవాణ్ని. అది ఎవరి కోసమో ఎప్పుడూ ఆలోచించలేదు. నాకు అక్కర్లేనిది గనుక నా కంటికి ఆనలేదు.

లైసెన్సు లేని ఆ కాలం, విచారణ రోజు దాకా పట్టిన వారాలతో కలిపి దాదాపు నాలుగు నెలలు, ఆయన బొగ్గు మూటాలకు పోయాడు. ఈ వైపు సర్కారు తుమ్మ కొట్టి, మట్టి కప్పి కాల్చి బొగ్గు చేస్తారు. ముళ్లు, పొగ, రాత్రుళ్లు కాపలా. ఒకసారి దారిలో కనపడితే కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంట్లో జరగటం లేదని అడిగితే రెండు మూడుసార్లు డబ్బిచ్చాను. ఆదుకున్నానని అనుకున్నాను.

ఆ వకీలుతో మాట్లాడి వచ్చిన రాత్రి ఖాతా పుస్తకం తీశాను. ఆయన పేరున్న పేజీలో ఇచ్చిన డబ్బు అంతా అడ్వాన్సు అని నా చేతిరాతలో ఉంది. మొత్తం ఆరు వేలు. లైసెన్సు తిరిగి వచ్చి పనిలో చేరాక నెల నెలా కూలిలో పట్టుకున్నాను. ఆ లెక్కకు పైన, మార్చి నెలలో, "ఫైను 1,000" అని ఉంది. దాన్నీ పట్టుకున్నాను. నేనే కట్టానని ఊళ్లో చెప్పుకున్న వెయ్యి. ఆయన వద్దన్న వెయ్యి. దాన్ని ఆయన కూలిలో కోసుకున్న సంగతి నాకు గుర్తే లేదు. మోసం చేయాలని రాసింది కాదు. మోసమని తెలిసి చేసి ఉంటే కనీసం గుర్తుండేది.

మర్నాడు ఏడు వేలు తీసుకుపోయి ఇచ్చాను. వాళ్ల వీధిలోకి పోయి, ఇంటి ముందు నిలబడి, ఏం జరిగిందో ఆయన భార్య ముందు కూడా చెప్పాను. మూడుసార్లు ఫోను చేసింది నేనని, ఇంజను ఆగి ఉందని నాకు తెలుసని, రాకపోవడం నా తప్పని. ఆమె లోపలికి పోయి నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన డబ్బు లెక్కపెట్టుకున్నాడు. "ఆ దినం వచ్చుంటే బాగుండు" అన్నాడు. కోపంగా అనలేదు.

అప్పీలుకు గడువు ముప్పై రోజులు, అది దాటి ఏడాది అయింది. అయినా ఇద్దరం కలిసి న్యాయసహాయం కమిటీకి పోయాము. నేను విన్నది విన్నట్టు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. దానితో ఇప్పుడు ఏమీ మారదని అక్కడి వకీలు దాచకుండా చెప్పింది. రికార్డులో మొదటి తప్పు అలాగే ఉంటుంది. ఇంకోసారి ఎవరైనా అదే కేసు రాస్తే, నిజమైనా అబద్ధమైనా, ఆయన లైసెన్సే పోవచ్చు. ఆ సంగతి ఆయనకు నాకంటే ముందే తెలుసు.

ఇప్పుడు బండి దారిలో ఉండగా నేను ఫోను చేయను. ఎప్పుడైనా అది బయల్దేరలేదనుకుని పొరపాటున చేస్తే, చివరిదాకా మోగి ఆగిపోతుంది. పావుగంటకో అరగంటకో ఆయనే చేస్తాడు. వెనక టీ కొట్టు గ్లాసుల చప్పుడు వినపడుతుంది. నేను హలో అనకముందే, ఎవరో పక్కన నిలబడి రాసుకుంటున్నట్టు, ప్రతిసారీ ముందు ఒకే మాట చెబుతాడు.

"బండి ఆపి, దిగి, దూరంగా వచ్చి నిలబడి ఉండాను మొదలాళీ. తాళం నా చేతిలో ఉండాది. ఇప్పుడు చెప్పండి."